పడిపోయిన డిస్కు చెప్పిన లోతు

ఆశ్వయుజ శుద్ధ విదియ

ఈరోజు నుంచి ఈ చిట్టాను కాయితం మీద రాస్తున్నాను. నీళ్ళ మీద గొలుసులతో కట్టి తేలే మా పంట్ల ఊళ్ళో కాయితం మీద రాసేవాళ్ళు రెండే రకాలు: అక్షరాలు దిద్దుకునే పిల్లలు, ఎవరినీ నమ్మనివాళ్ళు. నాకు పదహారేళ్ళు. దిద్దుకునే వయసు దాటిపోయింది.

సంగతి ఇది. పది రోజుల క్రితం మా మామ్మ చిట్టిబులెమ్మకి ఎడమ భుజం పట్టేసింది. అప్పటిదాకా మా పంటు కింద నీటి లోతు ఆవిడే చూసేది. తెల్లారగానే గుండు కట్టిన తాడు వదిలి, అడుగు తగిలాక పైకి లాగుతూ, చేతులు రెండూ చాచి బారలు లెక్కపెట్టేది. వచ్చిన కొలతలోంచి గోడ మీది పట్టికలో ఆ తిథికి ఉన్న పోటు తీసేస్తే మిగిలేదే అసలు లోతు. రెండేళ్ళుగా మా లోతు ఏడు బారలు. ఇప్పుడు తాడు నా చేతికి వచ్చింది. మొదటి రోజే ఏడు బారల ఒక మూర వచ్చింది. అలాగే రాసి, ఊరందరి కొలతలూ దాచే ఉమ్మడి కొట్టుకి పంపాను. తర్వాతి రోజులూ అంతే.

నిన్న బడిలో ఎవరి ఇంటి కొలతలు వాళ్ళు తెచ్చి గీత గీయమన్నారు. ఉమ్మడి కొట్టు తెరిచి చూస్తే తొమ్మిది రోజులకీ ఒకటే మాట: ఏడు బారలు. నా మూర లేదు. మూరెడు పూలు పోతే ఎవరూ వెతకరు. మూరెడు లోతు పోతే?

లోతు పెరుగుతోందంటే లంగరు జారుతోందని అర్థం. మా కింద మునిగిపోయిన ఊరి పక్కనే పాత నది పాయ ఉంది. పంటు అటే జరుగుతుంది. జారే పంటుని అమావాస్యనాటి గొలుసు సభలో కొక్కెం విప్పి విడదీస్తారు, లేకపోతే తుఫాను రోజున పక్క పంట్లని కూడా లాక్కుపోతుంది. విడదీసిన ఇంట్లో ముసలివాళ్ళు వెనక వరసకి, బడి పిల్లలు బడి పంటుకి. అమ్మా నాన్నా ఎలాగూ నాచు మళ్ళలో ఉండి అమావాస్యకే ఇంటికి వస్తారు. అంటే మామ్మ ఒకచోట, నేను ఒకచోట.

నా కొలత తప్పయితే బాగుండును. కానీ తప్పయితే దాన్ని దిద్దాల్సింది నేను, ఇంకెవరో కాదు.

శుద్ధ పంచమి

ఉమ్మడి కొట్టు చూసుకునే భద్రం మాస్టారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చాలా శుభ్రమైన మనిషి. పోయినేడాది జాన, బెత్తె అనే గడులు పట్టికలోంచి తీసేయించింది ఆయనే. చిన్న కొలతలు గందరగోళమట. అవి మామ్మ దగ్గర నేను ఏరుకున్న మాటలు. అప్పటి నుంచి నాకు ఆయన మీద ఒక కన్ను ఉంది. మాటల్ని కొట్టేసేవాడు అంకెల్ని కొట్టేయడా?

అడిగితే ముఖం మీద ఈగ వాలినంత కూడా కదల్లేదు. "నాకై నేను ఎవరి కొలతా ముట్టుకోనమ్మా. పెద్దలు చెబితే సరిచేస్తానంతే," అన్నారు. ఏ పెద్దలని అడిగేలోపు ఫలహారం వేళయిందని కిటికీ మూసేశారు. సభ పెద్దలే అయ్యుంటారు. అక్కడ ఏదో జరుగుతోంది.

సభ నియమాల పుస్తకం రెండుసార్లు చదివాను. ఎవరింట్లో వాళ్ళు దాచుకునే ఇంటి కొట్టు రాతని కూడా సాక్ష్యంగా ఒప్పుకుంటారు. కాయితం కుదరదు, ఉప్పు గాలికి ఏడాది నిలవదు కాబట్టి. షరతులు రెండు. రాత జంట డిస్కుల మీద ఉండాలి. దాని మీద తాళం ఉండాలి, ఆ తాళం మాటలో సగం ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర, సగం అందరికంటే చిన్నవాళ్ళ దగ్గర ఉండాలి. ఒకరి సగం ఒకరికి తెలియకూడదు.

మా ఇంట్లో సర్వర్ ఉంది. దీపాలూ మంచినీళ్ళ యంత్రమూ చూసుకునే పాత పెట్టె, ముత్తాతల నాటి లినక్స్ మీద నడుస్తుంది. డిస్కు ఒకటే ఉంది. రెండోదాని కోసం పక్క పంటు గంగరాజు బాబాయిని అడిగాను. పాడైన పంపు పెట్టెలోంచి ఊడదీసి వెంటనే ఇచ్చేశాడు. బదులుగా ఏమీ అడగలేదు. వెళ్తూ వెళ్తూ మాత్రం, మీ లోతెంత వస్తోందే అని అడిగాడు.

ఆయనకెందుకు?

శుద్ధ సప్తమి

బడికి సెలవు. పొద్దున్నే మొదలుపెట్టాను.

సర్వర్ సరుకంతా ముందు వేరేచోటికి తీసి, రెండు డిస్కులనీ ఖాళీ చేశాను. ఖాళీ చేసే కమాండు ముందు డిస్కు పేరు మూడుసార్లు పైకి చదువుకున్నాను. ఒక్క అక్షరం తేడా వస్తే వేరే డిస్కు తుడిచిపెట్టుకుపోతుంది. తర్వాత రెండిటినీ జంట కట్టాను. ఒకదాని మీద రాసింది రెండోదాని మీదా అదే క్షణంలో పడుతుంది, అద్దంలో బొమ్మలాగ. బాబాయి డిస్కు కాస్త పెద్దది. అయినా జంట చిన్నదాని కొలతకే కుదురుతుంది. పెద్దది తన మిగులు వాడుకోకుండా ఊరుకోవాలి. ఈ సంగతి నాకు నచ్చింది.

రెండూ ఒకేలా అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. ఆ తర్వాత జంట మీద తాళం, అంటే ఎన్‌క్రిప్షన్. ఇది మామూలు తాళం కాదు. తలుపుకి వేసే తాళం లోపలి వస్తువుల్ని మార్చదు. ఇది ప్రతి అక్షరాన్నీ గుర్తుపట్టలేని పిండిగా మార్చి దాస్తుంది. మాట చెప్పినవాళ్ళకే పిండి మళ్ళీ గింజవుతుంది. మాట తెలియనివాడు డిస్కుని పట్టుకుని గెలికితే, గెలికినచోట తర్వాత పిచ్చిగీతలు కనిపిస్తాయి తప్ప, వాడు కోరుకున్న మాట కనిపించదు. దీన్ని పుస్తకంలో చదివినప్పుడు ఆ పేజీ మూల మడిచి పెట్టుకున్నాను.

నా సగం ఇక్కడ రాయను. నాకు బాగా ఇష్టమైన నాలుగు మాటలు, అంతే. తర్వాత మామ్మని పిలిచాను. ముఖం అటు తిప్పుకోమంది. ఒక వేలితో టక్కు, టక్కుమని చాలాసేపు కొట్టింది. తాళం ఎప్పుడు తెరవాలన్నా ఇద్దరం ఇలాగే. బడికి వెళ్ళేముందు మూసేస్తాను.

తెర మీద ఒక వరస ఉంటుంది. రెండు డిస్కులూ బాగుంటే రెండు అక్షరాలు పక్కపక్కన నిలబడతాయి. ఒకటి పోతే దాని చోట గీత పడుతుంది. ఈరోజు రెండూ నిలబడి ఉన్నాయి.

నాకొక చెడ్డ అలవాటుంది, రాసుకోవాలి. ఏది రాస్తున్నా పెదవులు కదుపుతాను. బడిలో వెక్కిరిస్తారు. మాటని నోట్లో వేసుకోకపోతే రుచి ఎలా తెలుస్తుంది?

శుద్ధ దశమి

లోతు ఏడు బారల ఒక మూరే వస్తోందని మామ్మకి చెప్పాను. ఆవిడ మంచం మీద నుంచి లేవకుండానే నవ్వింది.

"ఒసే వేణీ, నీ బారెంతనీ? గుప్పెడంత పిల్లవి. చెయ్యి పొట్టయితే బారలెక్కువ లెక్కొస్తాయి. ఏడనే రాసుకో."

నిజమే అనిపించింది, మధ్యాహ్నం వరకు. తర్వాత బార మేకులు గుర్తొచ్చాయి. పంటు ఊరి గొలుసులో చేరిన రోజున, కొలత చూసే మనిషి బారని పంటు అంచు కమ్మీ మీద రెండు మేకులతో గుర్తు పెడతారు. మా కమ్మీ మీద ఉన్నవి మామ్మ మేకులు, తుప్పు పట్టి నల్లగా. ఒక మేకు మీద వేలు పెట్టి రెండో చెయ్యి చాచాను. నా వేళ్ళు రెండో మేకుని దాటిపోయాయి, ఒక బెత్తె. నాలుగు వేళ్ళ వెడల్పు.

నా బార పొట్టిది కాదు, పొడుగుది. అంటే నా ఏడు బారల్లో ఏడు బెత్తెలు దాక్కుని ఉన్నాయి. అది ఇంకో మూర పైనే. ఈసారి తాడుని మేకుల మధ్య పెట్టి కొలిచాను. ఏడు బారల రెండు మూరలు.

మామ్మకి చెబితే, ఎప్పటి మేకులో, చలికి కమ్మీ ముడుచుకుని ఉంటుంది అంది. ఇనుము చలికి అంత ముడుచుకోదని బడిలో చెప్పారు. మామ్మతో వాదించలేదు. పెద్దావిడ మర్చిపోయి ఉంటుంది. ఇంటి కొట్టులో అష్టమి, నవమి కొలతలు కూడా లెక్కగట్టి రెండు మూరలకి దిద్దాను. ఉమ్మడి కొట్టుకీ పంపాను. అక్కడ సాయంత్రానికల్లా మళ్ళీ ఏడు బారలు. భద్రం మాస్టారు నిద్రపోరా?

పున్నమి

నాచు లాగే పెద్ద పడవ మలుపు తిరుగుతూ మా మూలని గుద్దింది. గిన్నెలు పడ్డాయి. మామ్మ దేవుణ్ణి తలుచుకోలేదు. గొలుసు వైపు చూసింది.

గంగరాజు బాబాయి కమ్మీ దాటి వచ్చి, ఏమైనా పగిలిందా అని అడిగి, మళ్ళీ అదే ప్రశ్న వేశాడు: లోతెంత వస్తోంది? నాకు ఓర్పు పోయింది. మా చోటు మీద కన్నేశావా, మమ్మల్ని విప్పేస్తే నీ పంటు ముందుకి వస్తుందనా, డిస్కు ఊరికే ఇచ్చింది అందుకా అనేశాను. ఇద్దరు చంటిపిల్లలు ఆయన కాళ్ళ దగ్గర నిలబడి నా వైపు చూశారు. వెళ్ళిపోయాడు.

అన్నాక నోరంతా తుప్పు రుచి. అయినా ప్రశ్నకి జవాబైతే చెప్పలేదు కదా.

బహుళ తదియ

పరీక్షలు. మూడు రోజులు కొలత రాసి పెట్టడమే కానీ వెనకటి రాతలూ, తెర మీది ఆ వరసా చూడలేదు. ఈరోజు చూశాను. ఒక అక్షరం, ఒక గీత.

పెట్టె వెనక్కి వెళ్ళి చూస్తే బాబాయి ఇచ్చిన డిస్కు కేబులు ఊడి ఉంది. పడవ గుద్దినప్పుడే ఊడి ఉంటుంది. అంటే పున్నమి మధ్యాహ్నం నుంచి జంటలో ఒకటే పని చేస్తోంది. రెండోది పున్నమి దగ్గరే ఆగిపోయింది.

కేబులు పెట్టేసి, మళ్ళీ జంటలోకి చేర్చే కమాండు టైపు చేశాను. పంపే మీట నొక్కబోయి ఆగాను. చేరిస్తే యంత్రం ఏం చేస్తుంది? నిలబడ్డ డిస్కులో ఉన్నదంతా పడిపోయినదాని మీద రాసేస్తుంది. దానికి తెలిసిన న్యాయం అదొక్కటే. నిలబడ్డవాడు చెప్పేదే నిజం.

నేను ఎవరినీ నమ్మనిదాన్ని. కమాండు చెరిపేశాను. ముందు పడిపోయినదాన్ని అడుగుతాను.

బహుళ చవితి

మామ్మతో ఆవిడ సగం కొట్టించి, పడిపోయిన డిస్కుని ఒంటరిగా తెరిచాను, చదవడానికి మాత్రమే, ఒక్క చుక్క కూడా దాని మీద పడకుండా. ఎందుకని మామ్మ అడగలేదు. నిలబడ్డదాన్ని పక్కన తెరిచాను.

శుద్ధ అష్టమి నుంచి పున్నమి దాకా ఎనిమిది రోజులు రెండిట్లోనూ ఉన్నాయి. పడిపోయినదాంట్లో: ఏడు బారల రెండు మూరలు, ఎనిమిది సార్లు. నిలబడ్డదాంట్లో: ఏడు బారలు, ఎనిమిది సార్లు. పున్నమి తర్వాత నేను నా చేత్తో రాసిన రెండు మూరల ఒక జాన కూడా అక్కడ ఏడు బారలే.

భద్రం మాస్టారు మా ఇంటి పెట్టెని ముట్టుకోలేరు. ముట్టుకున్నా, గంగరాజు బాబాయి డిస్కులో ఏదో పెట్టి ఇచ్చినా, తాళం మాట తెలియనివాడి చేతికి పిచ్చిగీతలే వస్తాయి. ఇక్కడ ఉన్నది పిచ్చిగీతలు కాదు. ముత్యాల్లాంటి అక్షరాలు. దిద్దినవాళ్ళకి మాట తెలుసు. రెండు సగాలూ తెలుసు.

ఈ చిట్టా ఇక్కడిదాకా గోడ వైపు తిరిగి కూర్చుని రాశాను. "రెండు డిస్కులూ రెండు మాటలు చెబుతున్నాయి" అని రాయబోతున్నాను. వెనక మంచం మీద నుంచి మామ్మ మెల్లగా అడిగింది: "ఏం చెబుతున్నాయేంటి?"

కాయితం ఎవరికీ చూపించలేదు. నా పెదవులు కదులుతూనే ఉన్నాయి, కొంచెం గొంతుతో సహా.

రోజూ నా నాలుగు మాటలూ అలాగే కొట్టాను. ఆవిడ పక్కనే నిలబడి.

బహుళ పంచమి

నిన్న ఇంకేమీ రాయలేకపోయాను. ఈరోజు బడి పడవ ఎక్కలేదు.

మామ్మ కాదనలేదు. నేను అడగాల్సినవన్నీ వరసగా పెట్టుకుని కూర్చుంటే, ఆవిడే మొదలుపెట్టింది. లంగరు జారడం మొదలై ఏడాదిన్నర అయిందట. తాడు తన చేతిలో ఉన్నన్నాళ్ళూ నోటితో ఏడు అంటే సరిపోయేది. భుజం పట్టేశాక ఉమ్మడి కొట్టుకి నేను పంపినప్పుడల్లా, నేను పక్కన లేనప్పుడు భద్రం మాస్టారికి కబురు పెట్టి, పిల్ల బార తెలియనిది, దిద్దమని చెప్పేది. కొలత దిద్దించే హక్కు ఇంటి పెద్దకి ఉంది. ఆయన చెప్పిన పెద్దలు సభవాళ్ళు కాదు, మా మామ్మ.

ఇంటి కొట్టు పెట్టాక కొన్నాళ్ళు చేతకాక ఊరుకుందట. నా మాటలు నాలుగూ పూర్తిగా పట్టుబడేసరికి పున్నమి దాటింది. అప్పటికే కేబులు ఊడింది. ఒక్కరోజు ముందు దిద్ది ఉంటే రెండు డిస్కులూ ఒకే అబద్ధం చెప్పేవి.

"నీకు ఫైలు తెరిచి దిద్దడం ఎక్కడ వచ్చు మామ్మా?" అని అడిగాను.

"ఊరు మునక్కముందు ముప్పై ఏళ్ళు రేవు ఆఫీసులో ఓడల రాకపోకలు టైపు చేసినదాన్ని. పాత మాటలు చెప్పమని రోజూ నా పీక మీద కూర్చుంటావ్ కదా. నేనేం పని చేసేదాన్నో ఎప్పుడన్నా అడిగేవేంటి?"

అడగలేదు. బెత్తె అడిగాను, జాన అడిగాను, పోటు పాటు అడిగాను. మాటలు ఏరుకున్నాను. చెప్పిన మనిషిని చూడలేదు.

మరి ఒంటి వేలితో ఎందుకు కొట్టావంటే, పది వేళ్ళతో కొడితే నీకు అనుమానం రాదా అంది. కాసేపు ఇద్దరం నవ్వాం. తర్వాత ఆవిడ నవ్వు ఆగింది.

"ఎనభై దాటేయే నాకు. లంగరు కంటే ముందు నేనే జారిపోతాననుకున్నా. ఆ వెనక వరసలో గోడకేసి చూస్తా పోవాలని లేదు. నువ్వు తాడు వదులుతుంటే చూస్తా పోదామనుకున్నా."

కిటికీలోంచి గంగరాజు బాబాయి పిల్లలు మా కొక్కెం మీద కాళ్ళు వేలాడేసి కూర్చోవడం కనిపిస్తోంది. మా గొలుసు ఆయన పంటుకే తగిలించి ఉంది. మేము పోతే ముందు పోయేది వాళ్ళు. లోతెంతని అందుకే అడిగాడు. కొక్కెం ఒరుసుకునే చప్పుడు ఆయనకి వినబడుతూనే ఉండి ఉంటుంది. పేరు పెట్టి ఆరోపించలేక ప్రశ్న వేశాడు. నేనేమో ఆయన్ని దొంగని చేశాను.

మామ్మ కూడా అటే చూసింది. చాలాసేపు.

రెండు డిస్కులూ బల్ల మీద పెట్టాను. ఏది దేని మీద రాయాలో చెప్పమన్నాను. నేనొక్కదాన్నే చేయగలను, ఆ పనికి తాళం మాట అక్కర్లేదు. కానీ సగం మాట పెద్దవాళ్ళ దగ్గర ఎందుకు ఉంచుతారో నాకు అప్పుడు అర్థమైంది. మామ్మ గోడ వైపు తిరిగి పడుకుంది.

బహుళ షష్ఠి

తెల్లారేసరికి మామ్మ కమ్మీ దగ్గర నిలబడి ఉంది. బాగున్న చేత్తో గుండు పట్టుకుని.

నేను ముందు పెట్టె దగ్గరికి వెళ్ళాను. జంట విప్పాను. పడిపోయిన డిస్కుని నిలబెట్టి, నిలబడ్డదాన్ని దాని పక్కన ఖాళీదానిలా చేర్చాను. పేర్లు నాలుగుసార్లు చదివాను, తారుమారైతే నిజం ఇక ఎక్కడా మిగలదు. ఈసారి మీట నొక్కాను. నిండే అంకె ఒకటి, రెండు అంటూ కదిలింది.

పున్నమి తర్వాతి రోజులు ఆ డిస్కులో లేవు. ఈ కాయితం చూసి ఎక్కిద్దామనుకుంటే మామ్మ గుమ్మంలో కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది. పాడ్యమి ఇంత, విదియ ఇంత. కాయితంతో సరిపోయాయి. ఆవిడ ఆగలేదు. వెనక్కి వెళ్ళింది, భాద్రపదం, శ్రావణం, ఆషాఢం, పోయినేడు చైత్రం. ఒక్క మూర, ఒక్క జాన కూడా వదల్లేదు. నోటితో ఏడు అన్న ప్రతిరోజూ అసలు కొలత మనసులో రాసిపెట్టుకుంది. తాళం, జంట ఏమీ లేని ఒంటి డిస్కు. రోజుకి ఒకటి చొప్పున ఏడాదిన్నర ఎక్కించాను. వేళ్ళు నొప్పి పుట్టాయి.

వరసలో రెండు అక్షరాలూ నిలబడ్డాక ఇద్దరం బయటికి వచ్చాం. తాడు నేను వదిలాను. అడుగు తగిలింది. పైకి లాగి మేకుల మధ్య పరుస్తుంటే మామ్మ ఒంటి చేత్తో చివర పట్టుకుంది. పోటు తీసేసి చూసింది. నా వైపు చూసింది.

"రాయి," అంది.

అవతలి పంటు మీద గంగరాజు బాబాయి వల బాగుచేసుకుంటున్నాడు. పున్నమి నుంచి మా వైపు తలెత్తి చూడలేదు. నేను కమ్మీ దగ్గరే కూర్చుని రాశాను. నా అలవాటు ప్రకారం పెదవులు కదిలాయి. ఈసారి గొంతు దాచుకోలేదు. ఆయనకి వినబడేంత గట్టిగా, ఒక్కొక్క మాటా విడదీసి చదువుతూ రాశాను: ఆశ్వయుజ బహుళ షష్ఠి, చిట్టిబులెమ్మ గారి పంటు, ఏడు బారల మూడు మూరలు.

ఆయన చేతిలో వల ఆగింది. లేచి, కొక్కెం మీద కూర్చున్న పిల్లలిద్దరినీ ఎత్తుకుని లోపలికి తీసుకెళ్ళాడు.